తనిఖీ రోజు: 'ద నికెల్ బాయ్స్' నవల, సినిమా

మా స్కూల్లో తనిఖీ ఎప్పుడో రెండ్రోజుల ముందే తెలిసిపోయేది. ఎవరూ చెప్పక్కర్లేదు. బాత్రూముల్లోంచి ఫినాయిల్ వాసన వస్తే రేపో ఎల్లుండో ఎవరో పెద్దసార్లు వస్తున్నట్టే. స్టోర్ రూంలోంచి కొత్త దుప్పట్లు బయటికొచ్చేవి. సాయంత్రానికి వాటిని లెక్కపెట్టి మళ్ళీ లోపల పెట్టేసేవాళ్ళు. ఆ రోజు పప్పులో పప్పు ఉండేది, మనిషికో కోడిగుడ్డు కూడా. వచ్చిన సార్లు వరసలో నిలబడ్డ మమ్మల్ని చూసి "భోజనం బావుంటుందా?" అని అడిగేవాళ్ళు. పక్కనే వార్డెన్ సార్. "బావుంటుంది సార్" అని అరవై గొంతులు ఒకేసారి. ఆ ఒక్కరోజు మటుకు అది అబద్ధం కూడా కాదు.

ఇదంతా మర్చిపోయాననే అనుకున్నాను. కోల్సన్ వైట్‌హెడ్ నవల 'ద నికెల్ బాయ్స్' చదువుతుంటే, తనిఖీ కోసం పిల్లలు గోడలకి రంగులేసే దగ్గర పుస్తకం మూసి కాసేపు పక్కన పెట్టాల్సొచ్చింది. అందరూ కొరడా దెబ్బల దగ్గర ఆగిపోయామంటారు. నేను సున్నం బకెట్ దగ్గర ఆగిపోయాను.

ఈ నవల 2019లో వచ్చింది. మరుసటి ఏడాది పులిట్జర్ అందుకుంది. అంతకుముందు 'ద అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్'కి కూడా వైట్‌హెడ్‌కి అదే బహుమతి వచ్చింది. 2024లో రామెల్ రాస్ దీన్ని సినిమాగా తీశాడు. రెండిటి గురించీ ఇంగ్లీషులో బోలెడు రాశారు కాబట్టి కథ మొత్తం మళ్ళీ చెప్పను. కానీ ముగింపు గురించి మాట్లాడకుండా నేను చెప్పాలనుకున్నది చెప్పలేను. చదవబోయేవాళ్ళు ఇక్కడ ఆగిపోయి, చదివాక వస్తే మంచిది.

1960ల మొదట్లో ఫ్లోరిడాలోని టలహాసీ. ఎల్వుడ్ కర్టిస్ అనే నల్లజాతి కుర్రాడు నానమ్మ హారియట్ దగ్గర పెరుగుతుంటాడు. ఆమె ఒక హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. ఎల్వుడ్‌కి సొంతంగా ఉన్న ఒకే ఒక్క రికార్డు మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసం. వాడు దాన్ని అరిగిపోయేదాకా వింటాడు. కాలేజీ క్లాసులకి వెళ్ళే మొదటి రోజు దారిలో లిఫ్ట్ అడిగి ఒక కారెక్కుతాడు. అది దొంగ కారు. అంతే, కాలేజీకి వెళ్ళాల్సినవాడు నికెల్ అకాడమీ అనే బాలనేరస్తుల బడికి చేరతాడు. అక్కడ టర్నర్ అనే ఇంకో కుర్రాడు పరిచయమవుతాడు. లోకం మీద వాడికే భ్రమలూ లేవు. న్యాయం జరుగుతుందని ఒకడి నమ్మకం, ఇక్కణ్ణించి బయటపడాలంటే ఎవరూ చూడకుండా ఉండటమొకటే దారని ఇంకొకడి నమ్మకం. చాలామంది విమర్శకులు ఈ ఇద్దరి వాదాన్నే నవలకి గుండెకాయగా చూశారు. ఆశకీ నిరాశకీ మధ్య చర్చ అన్నమాట.

నాకలా అనిపించలేదు. నవలని నడిపిస్తున్నది ఒక నోట్‌బుక్. పిల్లల వంటింటికి సర్కారు పంపిన సరుకులు ఊళ్ళో హోటళ్ళకీ దుకాణాలకీ వెళ్తుంటాయి. బండిలో సరుకు దించే పని ఎల్వుడ్, టర్నర్‌లదే. ఈ చాకిరీకి 'కమ్యూనిటీ సర్వీస్' అని ముద్దుపేరు. ఏ రోజు, ఏ సరుకు, ఎవరింటికి వెళ్ళిందో ఎల్వుడ్ రాసిపెట్టుకుంటాడు. రాష్ట్రం నుంచి తనిఖీదారులు వస్తున్నారని తెలిసినప్పుడు ఆ లెక్కలన్నీ ఉత్తరంగా రాసి వాళ్ళకివ్వాలనుకుంటాడు. చివరికి ఆ కాగితం వాళ్ళ చేతికి అందించేది మాత్రం, దానివల్ల ఏమీ ఒరగదని మొదట్నుంచీ అంటున్న టర్నరే. ఆ తర్వాత ఎల్వుడ్‌ని మళ్ళీ కొడతారు, చీకటి కొట్లో పడేస్తారు. టర్నర్ వాణ్ణి తప్పించి పారిపోతుంటే వెంటపడి ఎల్వుడ్‌ని కాల్చి చంపుతారు.

తనిఖీదారుడు చెడ్డవాడని వైట్‌హెడ్ ఎక్కడా అనడు. లంచం తిన్నాడనీ అనడు. అసలు అతని గురించి దాదాపు ఏమీ చెప్పడు. ఉత్తరం ఏ చేతులు మారి వచ్చిందో మనకి తెలీదు. ఎవరి మీద రాశారో వాళ్ళ దగ్గరికి చేరిందని మాత్రం జరిగిన దాన్నిబట్టి మనమే తెలుసుకుంటాం. ఫిర్యాదులు వెళ్ళే దారి కూడా మామూలుగా అంతే కదా. పైకి వెళ్ళిన కాగితం 'విచారించి నివేదిక పంపగలరు' అన్న ఒక్క వాక్యంతో కిందికి, అదే ఆఫీసరు బల్ల మీదికి దిగొస్తుంది.

నికెల్ కల్పితం. దానికి మూలమైన బడి నిజం. ఫ్లోరిడాలోని మరియానా అనే చిన్న ఊళ్ళో ప్రభుత్వమే 1900లో దాన్ని మొదలుపెట్టింది. 1967 నుంచి డోజియర్ స్కూల్ అని పిలిచారు. 2011లో మూసేశారు. 111 ఏళ్ళు. అన్నేళ్ళూ పట్టించుకునే నాథుడు లేకే అలా జరిగిందనుకుంటే పొరపాటు. తెరిచిన మూడేళ్ళకే, 1903లో, శాసనసభ పంపిన కమిటీ అక్కడికెళ్ళి పిల్లలకి సంకెళ్ళు వేసి ఉండటం చూసింది, చూసినట్టు రాసింది. 1968లో గవర్నర్ క్లాడ్ కర్క్ స్వయంగా వెళ్ళి చూసి మండిపడ్డాడు. ఆ ఏడే పిల్లల్ని కొట్టకూడదని నిషేధం పెట్టారు. 1980ల్లో మళ్ళీ కోర్టు కేసు, ఈసారి పిల్లల్ని కాళ్ళూ చేతులూ వెనక్కి విరిచి కట్టేస్తున్నారని. చూసినవాళ్ళున్నారు, రాసినవాళ్ళున్నారు, ఫైళ్ళున్నాయి. బడి మాత్రం నడుస్తూనే ఉంది.

కొట్టడానికి అక్కడ ప్రత్యేకంగా ఒక చిన్న తెల్ల భవనం ఉండేది. పిల్లలు దాన్ని వైట్ హౌస్ అనేవాళ్ళు. అందుకే అక్కణ్ణించి బతికి బయటపడి, ముసలివాళ్ళయ్యాక నోరు విప్పినవాళ్ళు తమని 'వైట్ హౌస్ బాయ్స్' అని పిలుచుకున్నారు. (వీళ్ళని తెలుగులో ఏమనాలి? ఇంగ్లీషులో సర్వైవర్ అన్న మాట ఉంది. మనం 'బాధితుడు' అంటాం. అరవై ఏళ్ళ తర్వాత మైకు ముందు నిలబడి, అధికారుల కళ్ళలోకి చూస్తూ మాట్లాడే మనిషిని కూడా బాధితుడనే అంటాం. దీనికి నా దగ్గరా జవాబు లేదు.) 2008 అక్టోబరులో వాళ్ళ సమక్షంలోనే అధికారులు ఆ భవనానికి తాళమేసి, ఒక ఫలకం పెట్టారు. ఆ డిసెంబరులో గవర్నర్ చార్లీ క్రిస్ట్ పోలీసు విచారణకి ఆదేశించాడు. ఆ విచారణ 31 సమాధులు ఉన్నాయని లెక్క తేల్చింది, ఎవరి మీదా కేసు పెట్టడానికి తగిన ఆధారాల్లేవంది. అదంతా నేల తవ్వకుండానే. తర్వాత సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి ఎరిన్ కిమర్లీ అనే ఆంత్రోపాలజిస్టు తన బృందంతో వెళ్ళి తవ్వితే 55 సమాధులు బయటపడ్డాయి.

31, 55. ఈ రెండు అంకెలకీ మధ్య ఉన్న 24 మంది గురించే నవల అంతా అనిపిస్తుంది. నవల మొదలయ్యేది కూడా ఆ తవ్వకాలతోనే. ఆ వార్తలు 2014లో చదివే వైట్‌హెడ్ ఈ నవలకి పూనుకున్నాడు. 'టాంపా బే టైమ్స్'లో బెన్ మాంట్‌గోమరీ లాంటి విలేకరులు 2009 నుంచీ రాస్తూ వచ్చిన కథనాలు లేకపోతే ఈ పుస్తకం ఉండేది కాదు. అయినా వైట్‌హెడ్ విలేకరిలా రాయలేదు. దెబ్బల దృశ్యం ఎంత పొదుపుగా ఉంటుందో చూడండి. అరుపులు బయటికి వినపడకుండా పెద్ద ఫ్యాను వేస్తారు. మనకి ఆ ఫ్యాను మోతా, తన వంతు కోసం కూచున్న కుర్రాడు మనసులో వేసుకునే లెక్కా వినిపిస్తాయి. అంతకన్నా లోపలికి మనల్ని తీసుకెళ్ళడు. పిల్లల మీద హింస రాసేటప్పుడు మన కథల్లో చాలాసార్లు జరిగే పొరపాటు ఇక్కడ జరగలేదు. రక్తం చూపించి కన్నీళ్ళు రాబట్టాలన్న తొందర లేదు.

ఎల్వుడ్ మొదటిసారి దెబ్బలు తినేది ఎందుకు? ఒక చిన్న పిల్లాణ్ణి ఇద్దరు పెద్దాళ్ళు కొడుతుంటే అడ్డుపడ్డందుకు. ఆ తర్వాత ఆసుపత్రి మంచం మీదున్నందువల్ల నానమ్మని చూడలేకపోతాడు. తర్వాత ఆమె వచ్చినప్పుడు జరిగింది చెప్పడు. ఎందుకు చెప్పడో హాస్టల్లో చదివిన ఎవరికీ వివరించక్కర్లేదు. ఆదివారం క్యూలో నిలబడి ఫోన్ అందుకుని "బానే ఉన్నానమ్మా" అన్నవాళ్ళం మనం. వెనక ఇంకా ఇరవైమంది ఉంటారు, పక్కనే కుర్చీలో వార్డెన్ ఉంటాడు. అదొక కారణం. అమ్మ ఆ మాటకోసమే ఎదురుచూస్తోందని తెలియడం ఇంకో కారణం.

నాకు బాగా నచ్చిన భాగం మాత్రం ఎల్వుడ్‌ది కాదు, గ్రిఫ్‌ది. ఏటా తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ మధ్య బాక్సింగ్ పోటీ. ఊళ్ళో పెద్దలు పందేలు కాస్తారు. గ్రిఫ్ మూడో రౌండులో ఓడిపోవాలని సూపరింటెండెంట్ స్పెన్సర్ చెప్తాడు. గ్రిఫ్ గెలుస్తాడు. పిల్లలంతా అది ధిక్కారమని మురిసిపోతారు. అసలు సంగతేంటంటే ఆ కుర్రాడికి లెక్క తప్పింది. అది రెండో రౌండే అనుకున్నాడు. గెలిచాక వణికిపోతూ ఆ మాటే అరుస్తాడు. ఆ రాత్రి వాణ్ణి తీసుకెళ్తారు, మళ్ళీ తీసుకురారు. లెక్కలు రాని పిల్లాడు బళ్ళో ఉండి కూడా లెక్కలు నేర్చుకోలేక చచ్చిపోయాడని వైట్‌హెడ్ ఎక్కడా అనడు. ఆ అధ్యాయం పది పేజీల చిల్లరే, కానీ విడిగా అచ్చేసినా గొప్ప కథగా నిలబడుతుంది.

అలా అనలేని భాగాలూ ఉన్నాయి. న్యూయార్క్ అధ్యాయాలు పల్చగా ఉన్నాయి. సామాన్లు తరలించే కంపెనీ పెట్టుకుని, ఎవరితోనూ మనసు విప్పలేక, ఏళ్ళకేళ్ళు గడిపే 'ఎల్వుడ్' కనిపిస్తాడు. భార్య మిల్లీ ఆ పేజీల్లో ఉంటుందే గానీ మనిషిగా నిలబడదు. అతను చెప్పేది వినడానికి ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ఉంది. ఆ అధ్యాయాలు అంత పొడిగా ఎందుకున్నాయో చివర్లో తెలుస్తుంది. అతను ఎల్వుడ్ కాదు, టర్నర్. చనిపోయిన స్నేహితుడి పేరు పెట్టుకుని ఇన్నేళ్ళు బతికాడు.

మొదటిసారి చదివినప్పుడు నాకీ మలుపు నచ్చలేదు. ఇంత బరువైన విషయాన్ని చివర్లో ఒక ట్విస్టు మీద వేలాడదీయాలా అని చిరాకేసింది. ఆ అభిప్రాయం మారడానికి కారణం సాహిత్యం కాదు, ఒక చట్టం.

ఫ్లోరిడా శాసనసభ 2017లో డోజియర్ బాధితులకి లాంఛనంగా క్షమాపణ చెప్పింది. 2024లో పరిహారానికి 2 కోట్ల డాలర్లు పక్కన పెడుతూ చట్టం చేసింది. డోజియర్‌లో గానీ ఒకీచోబీలోని దాని అనుబంధ బడిలో గానీ 1940కీ 1975కీ మధ్య ఉన్నవాళ్ళు అర్హులు. అక్కడ ఉన్నట్టూ, హింసకి గురైనట్టూ ఆధారం చూపించాలి. గడువు 2024 డిసెంబరు 31. ఆమోదం పొందినవాళ్ళంతా ఆ డబ్బు సమానంగా పంచుకోవాలి. హైస్కూలు పూర్తి చేయనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి డిప్లొమా కూడా ఇస్తారు. ఎనభై దగ్గరపడ్డ మనిషికి హైస్కూలు సర్టిఫికెట్! మొదట నవ్వొచ్చింది. తర్వాత, కాలేజీకి బయల్దేరి దొంగ కారెక్కిన ఎల్వుడ్ గుర్తొచ్చాడు.

అప్పుడో ప్రశ్న వచ్చింది. ఈ చట్టం కింద నవల్లో ఎవరికి పరిహారం వస్తుంది? ఎల్వుడ్‌కి రాదు, చనిపోయాడు. ఈ డబ్బు బతికున్నవాళ్ళకే. నానమ్మకి రాదు. గ్రిఫ్‌కి రాదు. టర్నర్‌కి? అతని కాగితాలన్నీ ఎల్వుడ్ కర్టిస్ పేరు మీదున్నాయి. ఆధారం చూపించాలంటే ముందు తను ఎల్వుడ్‌ని కాదని ఒప్పుకోవాలి. అంటే పారిపోయిన ఖైదీనని, దొంగ పేరుతో పెళ్ళి చేసుకున్నానని, వ్యాపారం చేశానని ఒప్పుకోవాలి. నవల రాసేనాటికి ఈ చట్టం లేదు. కానీ సాక్ష్యం చెప్పాలనుకునే మనిషి మొదట తన పేరు తను చెప్పుకోవాలని వైట్‌హెడ్‌కి ఐదేళ్ళ ముందే తెలుసు. చివర్లో టర్నర్ ఫ్లోరిడాకి బయల్దేరడం అందుకే. నేను ట్విస్టు అనుకున్నది ఆ మనిషి నింపాల్సిన దరఖాస్తులో మొదటి గడి.

సినిమా ఈ విషయాన్ని ఇంకో రకంగా పట్టుకుంది. రామెల్ రాస్ కెమెరాని పిల్లల కళ్ళలో పెట్టాడు. ఎల్వుడ్ చూసేది మనం చూస్తాం, ఎల్వుడ్ మనకి కనపడడు. టర్నర్ వచ్చాక అతని కళ్ళలోంచి మొదటిసారి ఎల్వుడ్‌ని చూస్తాం. మొదటి ఇరవై నిమిషాలు నాకు తలతిప్పినట్టుంది, ఫోన్లో చూస్తే అసలు ఎక్కదు. అలవాటయ్యాక మాత్రం వేరేలా తీయడం సాధ్యమా అనిపించింది. దెబ్బల్ని ఇక్కడా చూపించరు, వినిపిస్తారు. పెద్దయ్యాక న్యూయార్క్ భాగంలో కెమెరా కళ్ళలోంచి జరిగి డవీద్ డిగ్స్ తల వెనక్కి వెళ్ళిపోతుంది. మనిషి తన ఒంట్లోంచి తనే బయటికొచ్చి నిలబడ్డట్టు. నవల్లో పల్చగా ఉన్నాయన్నానే, ఆ అధ్యాయాలు సినిమాలో బతికాయి. బార్లో పాత నికెల్ స్నేహితుడు కలిసి మాట్లాడే ఒక్క సీను చాలు.

ఇంకో సీను. నానమ్మ (సినిమాలో హ్యాటీ, ఆ పాత్ర ఆంజనూ ఎలిస్-టేలర్ వేసింది) మనవణ్ణి చూడటానికి అంత దూరం నుంచి వస్తుంది. చూడనివ్వరు. అక్కడ టర్నర్ కనపడతాడు. ఎల్వుడ్‌ని హత్తుకోలేకపోయిన ఆ మనిషి, నిన్ను హత్తుకోనా అని టర్నర్‌ని అడుగుతుంది. కెమెరా టర్నర్ కళ్ళే కాబట్టి ఆమె చేతులు మన మీదికే వస్తాయి.

ఈ బడి మీద వచ్చిన పుస్తకం ఇదొక్కటే కాదు. తానానరీవ్ డ్యూ 2023లో రాసిన 'ద రిఫార్మెటరీ' నవల ఉంది. ఆమె తాతవరస బంధువు ఒకరు 1937లో పదిహేనేళ్ళ వయసులో డోజియర్‌లోనే చనిపోయాడు. ఆమె ఆ పిల్లల్ని దయ్యాలుగా వెనక్కి రప్పించింది. కిమర్లీ స్వయంగా తవ్వకాల గురించి రాసిన 'వి క్యారీ దేర్ బోన్స్' 2022లో వచ్చింది. నికెల్ చదివాక ఇంకొకటి చదవాలనుకుంటే కిమర్లీది చదవండి. తవ్వనివ్వకుండా ఎన్ని ఆఫీసులు ఎన్ని అడ్డుపుల్లలు వేశాయో అందులో ఉంది.

సినిమా థియేటర్లకి వచ్చిన 2024 డిసెంబరులోనే అమెరికాలో ఇంకో చట్టం మీద సంతకమైంది. పిల్లల్ని బాగుచేస్తామంటూ నడిపే ప్రైవేటు రెసిడెన్షియల్ సంస్థల్లో హింస అనుభవించినవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చింది. వాళ్ళలో పారిస్ హిల్టన్ కూడా ఉంది. ఆ చట్టం ముఖ్యంగా చేసేది ఈ సంస్థల మీద ఒక జాతీయ స్థాయి అధ్యయనం చేయించడం. పోరాడినవాళ్ళ గెలుపుని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ 1903 నివేదిక గురించి చదివినవాళ్ళకి మళ్ళీ నివేదిక అంటే కొంచెం భయమేస్తుంది.

మన దగ్గర 2012 పోక్సో చట్టం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడాన్ని నేరం చేసింది. సంస్థని నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాళ్ళ విషయం దాచిపెడితే ఏడాది వరకూ జైలు. ఇది మంచి చట్టం, చాలా దేశాలు ఇంకా దీనికోసం కొట్లాడుతున్నాయి. కానీ ఇది లైంగిక నేరాల వరకే. కర్ర, ఆకలి, రాత్రంతా వరండాలో నిలబెట్టడం దీని కిందికి రావు. పైగా ఎవరో ఒకరు మొదట చెప్పాలి. చెప్పేవాడికి పన్నెండేళ్ళుంటాయి, చెప్పాక కూడా వాడు ఆ రాత్రి అదే డార్మిటరీలో పడుకోవాలి. ఎల్వుడ్ ఉత్తరం దగ్గర వైట్‌హెడ్ పట్టుకున్నది ఇదే.

మా స్కూల్లో ఒక ఫిర్యాదుల పెట్టె ఉండేది. ఆకుపచ్చ రంగు, చిన్న తాళం. తాళంచెవి ప్రిన్సిపాల్ సార్ బల్ల సొరుగులో. తొమ్మిదో తరగతిలో మావాడొకడు అందులో చీటీ వేశాడు, పేరు రాయకుండా. రాత్రిపూట ఒక సార్ పిల్లల్ని ఎలా కొడుతున్నాడో రాశాడు. మర్నాడు స్టడీ అవర్‌లో అందరి తెలుగు నోట్సులూ తెప్పించారు. చేతిరాత పోల్చడానికి ఎంతోసేపు పట్టలేదు. వాడికి 'శ' రాసేటప్పుడు తోక పొడుగ్గా లాగే అలవాటు. నెల తిరక్కుండానే వాళ్ళ నాన్న వచ్చి ట్రంకు పెట్టెతో సహా తీసుకెళ్ళిపోయాడు. మాకు చెప్పింది, చదువులో వెనకబడ్డాడని.

ఈమధ్య మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రీయూనియన్ గురించి మాటలు నడుస్తున్నాయి. ఆ సార్‌ని పిలిచి శాలువా కప్పాలని ఒకరన్నారు. ఆయన దెబ్బలే మనల్ని మనుషుల్ని చేశాయని ఇంకొకరు. దండం బొమ్మలు వరసగా పడ్డాయి. నేను సినిమా లింకు పెట్టి, చీటీ సంగతి గుర్తుందా అని అడిగాను. ముగ్గురు గుర్తుందన్నారు. ఒకరు, ఇప్పుడవన్నీ ఎందుకులే బ్రో అన్నారు. గ్రూపులో 58 మందిమి ఉన్నాం. వాడి నంబరు ఎవరి దగ్గరా లేదు. ఊరి పేరు నాకు సగమే గుర్తుంది.